చేతికిచ్చిన సూది

నాకు కోపం ఎక్కువని తిరువూరులో అందరూ అంటారు. అనరూ మరి, ఉన్నమాటేగా! కానీ ఆ ఏడాది మేజోళ్ల పోటీలో కూర్చున్నది మాత్రం పంతానికి కాదు, మా తమ్ముడు వెంకటప్పయ్య కోసం.

డెబ్బై ఒకటి డిసెంబరు. యుద్ధం మొదలైంది. తమ్ముడు పటాలంలో ఉన్నాడు. అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు చలికి పగిలిన మడమలు చూపించి, "అక్కా, అక్కడ కాళ్లున్నాయో లేవో కూడా తెలీదే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జవాన్ల కోసం మహిళా మండలి వాళ్లు ఉన్ని మేజోళ్ల అల్లిక పోటీ పెడుతున్నారనగానే పేరిచ్చేశాను. మేజోడు తొడిగిన ఆడమనిషి మా వీధిలో ఒక్కతీ లేదు, నాతో సహా.

మాకు అల్లిక నేర్పింది మిషన్ స్కూలు టీచరు ప్రేమావతి. మెత్తగా మాట్లాడుతూనే ప్రాణాలు తోడేసేది. "మడమ వదులైందండీ, విప్పండి" అనేది. విప్పి మళ్లీ అల్లితే మళ్లీ అదే మాట. ఎక్కడ దాపురించిందిరా భగవంతుడా అనుకునేదాన్ని. పోటీలో తనూ ఉంది. మొదటి బహుమతి స్టీలు క్యారేజీ. స్కూలుకు అన్నం తెచ్చుకునే తన సత్తు గిన్నె నిండా సొట్టలే, పాపం.

ఒక మేజోడు ఇంట్లో అల్లుకు రావచ్చు. రెండోది మడమ నుంచి వేళ్ల దాకా అందరి ఎదుటా అల్లాలి. సాయంత్రం విజయవాడ బస్సు వచ్చేలోపు జత పూర్తయితేనే జవాన్ల మూటలోకి వెళుతుంది. అందరికన్నా ముందు ముగించినవాళ్లకు క్యారేజీ. నాకది అక్కర్లేదు, ఆ మూటలో నా జత ఉంటే చాలు.

నా సూదులు సైకిలు చువ్వలు. మా ఆయన అరగదీసి మొనలు తేల్చి ఇచ్చారు. కొలత కూడా ఆయన పాదానిదే. మధ్యాహ్నానికి మడమ తిప్పి పాదంలోకి దిగాను. పక్కనున్న రావమ్మ తొంగిచూసి, "పొలం కాళ్ల కొలతేంటే? జవానుకు ఇందులో రెండు కాళ్లూ పడతాయి" అంది. ఊరుకుంటే నేనెందుకవుతాను! లేచి నాలుగు దులిపి, విసురుగా కూలబడ్డాను. సరిగ్గా చువ్వ మీద. అది కొడవలిలా వంగింది, సరిచేయబోతే విరిగింది. కుట్లన్నీ మిగతా మూడు చువ్వల మీదున్నాయి, అల్లడానికి నాలుగోది లేదు. అంత నోరున్నదాన్ని, ఏడుపొచ్చేసింది.

ప్రేమావతి ఐదు సూదులతో అల్లుతోంది. నా వైపు చూసి, తన కుట్లన్నీ మూడు సూదుల మీదికి ఇరికించి, ఒకటి ఖాళీ చేసి నా ముందుకు చాపింది.

"తీసుకోండి సీతారావమ్మగారూ."

"అయ్యో, చేతికివ్వకు! కింద పెట్టు!" అన్నాను.

సూది చేతికిస్తే పోట్లాటలొస్తాయని మా అమ్మ చెప్పేది. ఆ మాటే నోట్లోంచి వచ్చింది. కానీ అందరూ అల్లిక ఆపి నా వైపు చూశారు. ప్రేమావతి ముఖం వాడిపోయింది. సూదిని చాప మీద పెట్టడానికి వంగింది. 'కింద పెట్టు' అన్న మాట వాళ్ల పెద్దలు మా గడపల ముందు ఎన్నాళ్లు పడ్డారో అప్పుడు తట్టింది నాకు.

చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను, సూదితో సహా.

"అది కాదమ్మా! సూది చేతికిస్తే గొడవలొస్తాయంటారు, అందుకన్నా. ఇటివ్వు, చేతికే ఇవ్వు. వస్తే రానీ, పోట్లాడుకుందాం!"

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మడమ వదులైంది. ఈసారికి విప్పొద్దులెండి" అంది.

బస్సు హారను వినబడుతుండగా వేళ్ల దగ్గర ముడి వేశాను. నా జత మూటలో పడింది. ప్రేమావతిదీ పడింది గానీ, ఇరుకు సూదులతో చేయి సాగక వెనకబడింది. క్యారేజీ రావమ్మ ఎగరేసుకుపోయింది.

నా మేజోళ్లు ఎవరి కాళ్లకు చేరాయో, ఆ బిడ్డ చల్లగా ఉండాలి. వేసవిలో తమ్ముడు క్షేమంగా వచ్చాడు. ఆ రోజే ఒక స్టీలు క్యారేజీ కొని ప్రేమావతి ఇంటికి వెళ్లాను. వద్దని తను, తీసుకోమని నేను, వాకిట్లోనే గట్టిగా అరుచుకున్నాం.

అమ్మ మాట నిజమే, ఆ పూట నుంచి రోజూ గొడవే. స్కూలు వదలగానే వచ్చి, మా వంటింట్లో పీటేసుకు కూర్చుని, నా కాఫీ తాగుతూ నా అల్లికకే వంకలు పెడుతుంది. ఒక్కరోజు రాకపోతే నాకు తోచదు. ఆ రోజు నా పరువూ, నా జతా నిలబెట్టిన మనిషికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

సూది మాత్రం తిరిగివ్వలేదు. మొన్న అడిగింది. ఇవ్వను పొమ్మన్నాను.