ఏడుపు ఎటునుంచి

ఆవిడకు ఎడమ చెవి వినపడటం లేదన్న సంగతి ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. వానల్లో జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆ చెవిని కూడా పట్టుకుపోయింది. డాక్టరు దగ్గరికి వెళితే కూతురికి తెలుస్తుంది, తెలిస్తే ఇక పిచ్చుకను తన దగ్గర వదలదు.

పిచ్చుక అంటే మనవరాలు. ఈమధ్యే అడుగులు వేస్తోంది. ఒకచోట కాలు నిలవదు, అందుకే ఆ పేరు. పొద్దున్నే కూతురూ అల్లుడూ పనుల్లోకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది వీళ్ళిద్దరే. పిల్ల దగ్గితే ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, అల్లుడు ఆలస్యమైతే రోడ్డు మీద పడి ఉన్నాడనీ అనుకునే మనిషి ఆవిడ. ఆవిడ ఆలోచనల్లో పిచ్చుక ఇప్పటికే ఎన్నోసార్లు బాత్రూం బక్కెట్లో పడింది, బాల్కనీ కమ్మీల్లోంచి జారింది. మొదట్లో గుండె దడదడలాడేది. చెవి పోయాక ఆ దడ కూడా ఎందుకో ఆగిపోయింది. పిల్ల ఏడిస్తే తల అటూ ఇటూ తిప్పి, ఎటు తిప్పితే గట్టిగా వినపడుతుందో అటు వెళ్ళేది.

కూతురు పనిచేసేది హెడ్‌ఫోన్లు తయారుచేసేచోట. రికార్డు చేసిన శబ్దం వినేవాళ్ళకు ఏ పక్క నుంచి వచ్చినట్టు అనిపిస్తుందో పరీక్షించి చూడటం వాళ్ళ పని. ఆ పరీక్షకు పెద్దవయసు వాళ్ళు కూడా కావాలట. రావలసిన ఒకావిడ రానంది.

"నువ్వొచ్చి కూర్చో అమ్మా. వేలు చూపించడమేగా," అంది కూతురు.

"నా తలనూనె అంతా ఆ మిషన్‌కి అంటుకుంటుందే."

"తుడుచుకుంటాంలే. పిచ్చుకని కూడా తీసుకెళ్దాం. రిసెప్షన్‌లో అమ్మాయి చూసుకుంటుంది."

ఆవిడ లేచి పిచ్చుకకు గౌను తొడిగింది.

గోడలకంతా మెత్తటి స్పాంజి అంటించిన గది అది. ఒక పక్క వైర్లు పెట్టుకునే అల్మరా, రెండో పక్క తలుపు. అల్మరా తన కుడివైపు, తలుపు ఎడమవైపు ఉండేలా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టారు. కూతురితో పనిచేసే ఇంజనీరు, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రవాడు, హెడ్‌ఫోన్లు తెచ్చి తలకు తగిలించాడు.

"భయపడకండి ఆంటీ, ఇంజెక్షనేం కాదు. రెండు చెవులకీ సమానంగా పంపితే శబ్దం మీ ముక్కుకి ఎదురుగా ఉన్నట్టుంటుంది. కుడి చెవికి కాస్త ముందు పంపామా, కుడిపక్కకి జరుగుతుంది. కొన్నిటిని ఒక్క చెవికే పంపుతాం. అంతా మాయే. ఎటు వినపడితే అటు చూపించండి."

తాళాలగుత్తి చప్పుడు వినిపించింది. కుడివైపు చూపింది. కుళాయి నీళ్ళు, కుడివైపు. ఎవరో నడుస్తున్న చప్పుడు, అదీ కుడివైపే. తర్వాత ఏమీ వినపడలేదు. ఏదో మోగుతూనే ఉండి ఉంటుందని ఇంజనీరు ముఖం చూసి పోల్చుకుని, ఎడమవైపు చూపింది.

"కళ్ళు మూసుకోండి ఆంటీ. కాపీ కొట్టకూడదు," అన్నాడతను నవ్వుతూ.

కళ్ళు మూసుకుంది. ఇంట్లో చేసినట్టే తల తిప్పి చూసింది. తలతోపాటే శబ్దమూ తిరిగింది. ఎటు తిప్పినా తాళాలగుత్తి కుడి చెవినే పట్టుకుని వేలాడుతోంది. ఇంక తిప్పడం మానేసి, కుడివైపే చూపుతూ కూర్చుంది.

"ఈ హెడ్‌ఫోన్లో ఎడమపక్క చచ్చినట్టుంది," అన్నాడు ఇంజనీరు. తను పెట్టుకుని విన్నాడు. బాగానే ఉంది. ఇంకోటి తెచ్చాడు. చివరికి కుడిది ఎడమకూ ఎడమది కుడికీ వచ్చేలా తిప్పి పెట్టాడు. ఇందాక వినపడనివన్నీ ఇప్పుడు కుడివైపు వినపడ్డాయి, వినపడినవి పోయాయి. అతను కూతురి వైపు చూసి, ఆ తర్వాత బల్ల మీదున్న వైరును శ్రద్ధగా చుట్టడం మొదలుపెట్టాడు.

"జలుబు చేసిందా అమ్మా?" అంది కూతురు. అవునంటే నమ్మేలా ఉంది గొంతు.

"అవునే, చెవులు దిబ్బళ్ళు వేశాయి."

"నేను టీ తెస్తాను," అంటూ ఇంజనీరు తలుపు తీశాడు.

బయట పిచ్చుక గుక్కపట్టి ఏడుస్తోంది. ఆవిడ హెడ్‌ఫోన్లు లాగేసి లేచింది. ఆలోచించలేదు. గబగబా కుడివైపు వెళ్ళి అల్మరా తలుపు తీసింది. లోపల చుట్టలు చుట్టి పెట్టిన వైర్లున్నాయి. ఆవిడ వాటిని చూస్తూ నిలబడింది.

వెనక్కి తిరిగేసరికి కూతురు పిల్లను చంకనేసుకుని తలుపు దగ్గర ఉంది. ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు వచ్చిందో. ఇంజనీరు టీకి వెళ్ళిపోయాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ జ్వరం అప్పటినుంచి."

"మరి ఇంట్లో ఇది ఏడిస్తే?"

"తల తిప్పి చూసుకుంటా. ఈ గదీ ఆ గదీ వెతుకుతా. దొరుకుతుంది."

"ప్రతిసారీ దొరుకుతుందా?"

"ఇప్పటిదాకా దొరికింది."

ఆ మాట అన్నాక ఆవిడ ఇంకేదో జరుగుతుందని చూసింది. ఏడుపు వస్తుందనుకుంది. అదీ రాలేదు. అరచేతులు చల్లగా ఉన్నాయి, అంతే. కూతురు మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది.

"డాక్టరుకి చూపిద్దాం. ఈలోపు దీని గౌనుకి చిన్న గంటేదైనా కుడదాం అమ్మా. ఎక్కడున్నా వినపడుతుంది."

"వినపడుతుందే. ఎటు మోగుతోందో ఎట్లా తెలుస్తుంది నాకు?"

కూతురు పిల్లను రెండో చంకకు మార్చుకుంది.

"ఎక్కడైనా చేర్చు దీన్ని," అంది ఆవిడ. వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యి అన్నంత మామూలుగా వచ్చింది మాట.

"నువ్వు ఉండగలవా అది లేకుండా?"

"నా సంగతి కాదు."

పక్కవీధిలో పసిపిల్లల్ని చూసుకునేచోటు ఒకటుందని, ఇక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలు ఇద్దరు అక్కడే ఉంటారని కూతురు చెప్పింది. నిదానంగా చెప్పింది, కుడిచెవి పక్కకు వచ్చి మరీ చెప్పింది. ఆవిడ అన్నీ విని ఒక్కొక్కటే అడిగింది. పాలు కాచి ఇస్తారా. నేల జారుతుందా. స్విచ్చిబోర్డులు కిందకున్నాయా. బాత్రూం తలుపుకు బయట గడియ ఉందా.

"ఉంటాయమ్మా అన్నీ. కనుక్కుంటా."

"పడుకున్నప్పుడు పక్కన మనిషి ఉంటుందా?"

"ఉంటుంది."

"ఆ మనిషికి రెండు చెవులూ వినపడతాయో లేదో కనుక్కో."

కూతురికి నవ్వొచ్చింది గానీ తల్లి ముఖం చూసి ఆగిపోయింది. పిల్లను ఆవిడ చేతికిచ్చి, అక్కడికే ఫోన్ చేసింది. అవతల ఎవరో పలకగానే, మిగతావన్నీ పక్కనపెట్టి, ముందు ఆ మాటే అడిగింది.