నేను చూడకూడని గోల్‌కీపరు

నేను ముప్ఫై నాలుగేళ్ళు రాజోలు చుట్టుపక్కల హైస్కూళ్ళలో లెక్కలు చెప్పాను. మా చర్చిలో సంఘపెద్దని కూడా. అంటే, శకునాలు నమ్మొద్దని చెప్పడానికి నాకు రెండు రకాల అర్హతలున్నాయి. పిల్లి ఎదురొస్తే ఆగిపోయేవాళ్ళని చూసి నవ్విన నోరు నాది. అలాంటి ఈ సాలమోను మేష్టారు మొన్న శనివారం అమలాపురంలో కన్నకూతురి ఆటకి వెళ్ళి గేటు బయట నిలబడిపోయాడు. ఎందుకయ్యా అంటే, ఆయన చూస్తే జట్టు ఓడిపోతుందట. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు!

మా అమ్మాయి శారోను పదకొండేళ్ళుగా ఫుట్‌బాల్ ఆడుతోంది. గోల్‌కీపరు. ఉద్యోగం గ్రామ సచివాలయంలో సర్వేయరు. తెల్లారకముందు ప్రాక్టీసు, పగలంతా పొలం గట్ల మీద కొలతలు. ఇలాంటి జట్లని సెమీ ప్రొఫెషనల్ అంటారు. ఆట మీదే బతికేవాళ్ళు కారు, అలాగని ఉత్త సరదాకి ఆడేవాళ్ళూ కారు. ఆ రోజు వీళ్ళ మీదకి వచ్చిన శ్రీలంక జట్టూ అలాంటిదే. అందులో ఒకమ్మాయి బ్యాంకులో క్యాషియరట, ఇంకో అమ్మాయి నర్సట.

శారోనుకి అదే ఆఖరి ఆట. మోకాలు అరిగిపోయింది, ఇక చాలించమని డాక్టరు చెప్పేశాడు. అది ఒక్క బంతి ఆపడం నేను ఇంతవరకూ కళ్ళారా చూడలేదు. చూస్తే ఆ శనివారమే చూడాలి. తర్వాత చూద్దామన్నా ఉండదు.

ఎందుకు చూడలేదో చెబితే నవ్వుతారు. మొదటిసారి కాకినాడ వెళ్ళాను. నేను కుర్చీలో కూర్చున్న ఐదో నిమిషానికి దాని వేలు విరిగింది. రెండోసారి నేను గేటులోంచి అడుగు పెట్టగానే బంతి దాని కాళ్ళ మధ్యనుంచి పోయింది. మూడోసారి గోడమీంచి తొంగి చూశాను. అంతే, కుండపోత వాన, ఆట రద్దు. అంతటితో సిద్ధాంతం రుజువైపోయింది. మూడు ఉదాహరణలు చూపిస్తే రుజువు కాదురా వెధవల్లారా అని ఎంతమంది చెవులు మెలిపెట్టానో! ఆ చెవులన్నీ ఇప్పుడు నన్ను చూసి నవ్వాలి.

ఆ పొద్దున మా ఆవిడ ఎలీసమ్మ మోకరించి ప్రార్థన చేసింది. “ప్రభువా, బిడ్డకి జయమియ్యి. ఈయన్ని బయటే ఉంచు.”

“అదేం ప్రార్థనే? మనం శకునాలు నమ్ముతామా?” అన్నాను.

“నమ్మితే పాపం కదండీ. నమ్మడం కాదు, జాగ్రత్త.”

“ఆఖరాటే. ఒక్క బంతి ఆపితే చూసి వచ్చేస్తాను.”

“ఆఖరాటే కదండీ, గెలిచి మానెయ్యనివ్వండి.”

ఇద్దరం బస్సెక్కాం. బస్సులో ఉండగా శారోను ఫోన్ చేసి, “డాడీ, ఈసారన్నా లోపలికి రండి,” అంది. వస్తానమ్మా అన్నాను. సంఘపెద్ద ఆడిన అబద్ధం.

ఆట మొదలైంది. ఎలీసమ్మ లోపల, నేను కాలేజీ గ్రౌండు ప్రహరీ బయట. జనం ఓ అని అరిస్తే ఒకసారి, అయ్యో అంటే ఒకసారి, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. ఇరవై నిమిషాలకి ఫోన్ మోగింది.

“ఒకటి కొట్టేసేరండీ ఆళ్ళు. మీరెక్కడున్నారు?”

“గోడకి వీపు ఆనించి నిలబడ్డానే. చూట్టంలేదు.”

“గోడకి ఆనుకున్నారా! అదీ సంగతి. రోడ్డు దాటండి.”

దాటాను. కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడ్డాను. ఇంకోసారి ఫోన్. “పోస్టుకి తగిలి పోయిందండీ, త్రుటిలో తప్పింది. ఇంకాస్త దూరం ఎళ్ళండి.” వెళ్ళాను. సగం ఆట అయ్యేసరికి గడియార స్తంభం దగ్గర తేలాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, ఎండలో, గోల్స్‌కి భయపడి ఊళ్ళో పారిపోతున్నాను. నన్ను చూసి నాకే జాలేసింది.

రెండో సగంలో మనవాళ్ళు ఒకటి వేశారు. ఎలీసమ్మ ఫోన్లో కేక పెట్టింది. “చూసేరా, పనిచేసింది! ఆటో ఎక్కెయ్యండి!”

ఎక్కాను.

“ఎక్కడికండి మేష్టారూ?” అన్నాడు డ్రైవరు. ఎవరో కాదు, నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన సత్యదుర్గారావు.

“దూరంగా పోనియ్.”

“ఏ ఊరండి?”

“ఊరు అక్కర్లేదురా. దూరం కావాలి.”

వాడు అద్దంలో నన్ను అదోలా చూశాడు. చెప్పక తప్పింది కాదు. వాడు మొత్తం విన్నాడు. ఎర్రవంతెన దాటాక మెల్లిగా అన్నాడు.

“రాహుకాలం పోయేక పరీక్షకొచ్చేనని నన్ను ఎండలో నిలబెట్టేరండి తమరు.”

“నిలబెట్టాను.”

“ఆయ్. పెన్నుకి రాహుకాలం తెలుస్తాదేంట్రా అన్నారండి. మరి తమరు చూస్తున్నారని బంతికి తెలుస్తాదేంటండి?”

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను చెప్పిన పాఠం ఒక్కడికి అర్థమైంది. వాడేమో ఆటో తోలుతున్నాడు, నేనేమో వెనకసీట్లో పారిపోతున్నాను.

అంతలో ఫోన్. “ఆట అయిపోయిందండీ, చెరొకటి. ఇప్పుడు పెనాల్టీలంట, చెరో ఐదు. మీరు రావులపాలెం దాకా పోయినా పర్లేదు.” ఆ తర్వాత ఏదో పెనుగులాట, ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు.

“డాడీ, ఎక్కడున్నారు?” శారోను. రొప్పుతోంది.

“ఇక్కడేనమ్మా, గ్రౌండు దగ్గరే.”

“గ్రౌండు దగ్గర లారీ హారనేంటి డాడీ?”

నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాను.

“పోనీలెండి. గోల్లోకి ఎళ్ళేముందు ప్రతీసారీ జనంలో మీకోసం చూస్తాను. ఉండరని తెలిసినా చూస్తాను, అలవాటైపోయింది. ఇవాళ కూడా చూసేను. అంతే డాడీ.” పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. ఆటోలో కూర్చుని, పాత స్టూడెంటు ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. అది ఓడిపోతుందని భయపడింది నేను. అది ఓడిపోతూంటే చూడలేనివాణ్ణి నేను. ఆ పిరికితనానికి శకునమని పేరు పెట్టుకుని, పదకొండేళ్ళు దాని మంచికే అని చెప్పుకు తిరిగాను.

“తిప్పరా బండి!” అన్నాను.

“ఆయ్!” అన్నాడు వాడు. అప్పటికే సగం తిప్పేశాడు.

మేం గేటులోంచి పరుగెత్తేసరికి పెనాల్టీలు చివరికొచ్చాయి. చెరి నాలుగు తన్నగా చెరి మూడు పడ్డాయి. మా అమ్మాయి ఒకటి ఆపిందట, అదీ నాకు దక్కలేదు. మనవాళ్ళ ఐదోది గోల్ పైనుంచి పోయింది. ఇక శ్రీలంక వాళ్ళ ఐదోది మిగిలింది. అది ఆపితే ఆట ఇంకా ఉంటుంది, పడితే అయిపోయినట్టే.

ఎలీసమ్మ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మీ కాళ్ళు పట్టుకుంటాను, కళ్ళన్నా మూసుకోండి!”

మూసుకోలేదు. శారోను గోల్లో నిలబడి జనం వైపు చూసింది. వరసలన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. ఒక్క క్షణం గోల్ సంగతే మర్చిపోయినట్టు నిలబడింది. నేను రెండు చేతులూ పైకెత్తి ఊపాను. బ్యాంకు క్యాషియరమ్మాయి పరుగెత్తుకొచ్చి తన్నింది. మా శారోను కుడివైపు గాల్లోకి లేచింది. ఆ మోకాలితోనే. ఒళ్ళంతా సాగి, చెయ్యి పైకి, ఇంకా పైకి. బంతి దాని వేళ్ళకి తగిలింది, పై కర్రకి కొట్టుకుంది, లోపల పడింది.

ఓడిపోయాం.

“ఆయ్, బంతికి తెలిసిపోయినట్టుందండి,” అన్నాడు వెనకనుంచి సత్యదుర్గారావు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి చూశారు. చూడనీ.

శారోను మట్టి మొహంతో, కుంటుకుంటూ, తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఓడిపోయిన మొహం కాదది.

“డాడీ, చూసేరా? వేళ్ళకి తగిలింది!”

“చూసేనమ్మా. అంతా చూసేను.”

దాన్ని పట్టుకుని అలాగే కాసేపు నిలబడి, ఎలీసమ్మ వైపు తిరిగాను. నిజంగానే కోపమొచ్చింది నాకు.

“పదకొండేళ్ళు స్కోరు చెప్పేవు. ఎవరు కొట్టేరో చెప్పేవు, ఎన్ని ఆపిందో చెప్పేవు. ఇది ఇంత ఎత్తు ఎగురుద్దని ఒక్కసారన్నా చెప్పేవే?”

ఎలీసమ్మ కళ్ళొత్తుకుంది.

“చెప్తే మీరు బయట నిలబడేవారా?” అంది.