అత్తగారు కుట్టిన తెరచాప

ఎర్ర పీపా మూడోసారి ఎదురైనప్పుడు అత్తగారు దానికి చెయ్యూపింది.

"ఈయన్ని ఇందాకే చూశాం కదా అల్లుడుగారూ."

"అవునత్తయ్యా," అన్నాడు అల్లుడు, చుక్కాని కర్ర వదలకుండా.

"అంతకుముందూ చూశాం."

"అవునండీ."

"ఆయన మన వెంట పడుతున్నాడా, మనం ఆయన వెంట పడుతున్నామా?"

అల్లుడు నవ్వబోయి మానుకున్నాడు. నీళ్ళ కింద రాళ్ళున్నాయని పడవలవాళ్ళకు చెప్పడానికి ఆ పీపాను అక్కడ గొలుసుతో కట్టేశారు. అది కదలదు. కదలాల్సింది తామే. పడవ చాలాసేపటినుంచి అటూ ఇటూ పరుగెడుతోంది, వంగుతోంది, నురగ చిమ్ముతోంది. తీరా చూస్తే ఉన్నచోటే ఉంది.

కారణం అతనికి తెలుసు. తల పైకెత్తితే కనిపిస్తోంది. కానీ చెప్పలేడు. ఆ కారణాన్ని స్వయంగా కుట్టింది అత్తగారు.

పడవ చిన్నది. ఒక కొయ్య, దానికో పెద్ద తెరచాప, ముందువైపు ఒక బుల్లి తెరచాప, వెనక అవసరానికి ఒక చిన్న ఇంజిన్, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా నలుగురు సర్దుకోగల గది. అతని కూతురు పిడుగు దానికి 'బాతు' అని పేరు పెట్టింది. అతను లిఫ్టుల మెకానిక్. వారమంతా పైకీ కిందకీ తిరిగే మనిషికి సెలవురోజున అడ్డంగా తిరగాలనిపించడంలో వింతేమీ లేదు.

భార్యనూ పిడుగునూ ఎక్కించుకుని తీరం వెంబడి మూడు రోజులు వెళ్ళిరావాలని అతని కోరిక. చీకటి పడితే ఏ మూలనో లంగరేసుకుని పడవలోనే పడుకోవాలి. పిడుగు అప్పుడే సంచి సర్దేసుకుంది. రోజూ దాన్ని విప్పి, మళ్ళీ సర్దుతోంది. భార్య మాత్రం ఒక మెలిక పెట్టింది.

"ముందు అమ్మని ఒకసారి తీసుకెళ్ళు. ఆవిడ సరేనంటే నాకూ సరే. వద్దందంటే మాత్రం ఆ మూడు రోజులూ నేను నిద్రపోను, నిన్నూ పోనివ్వను."

అత్తగారు ఒప్పుకుంది. ఆవిడదీ ఒక షరతు ఉంది. "సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండకొమ్ము దాటి వెళ్ళి రావాలి. ఇంజిన్ ముట్టుకోకూడదు. సముద్రం మధ్యలో అది మొరాయిస్తే మీరేం చేస్తారో నేను చూడాలి. ముట్టుకున్నారా, ఫెయిలే."

ఆవిడకి అల్లుడి మీద అనుమానం ఊరికే రాలేదు. కూతురి పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒకసారి లిఫ్టులో ఇరుక్కుంది. బాగుచెయ్యడానికి వచ్చింది ఈ అల్లుడే. తలుపు అవతలినుంచి "ఏం ఫర్వాలేదత్తయ్యా, రెండే నిమిషాలు" అన్నాడు. ఇరుక్కున్నవాళ్ళతో అలా మాట్లాడాలనే ఉద్యోగంలో నేర్పారు. ఒక పూట గడిచింది. అప్పటికీ అవే రెండు నిమిషాలు. బయటికొచ్చాక ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న. "ఇంతసేపు పడుతుందని మీకు ముందే తెలుసా?" తెలుసన్నాడు. ఆనాటినుంచి అల్లుడు 'ఫర్వాలేదు' అన్నాడంటే చాలు, ఆవిడ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంటుంది.

ఇక తెరచాప సంగతి. పాతది ఒక పెద్దగాలికి మధ్యలో నిలువునా చిరిగింది. తెరచాపలు కుట్టేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేరు. "అమ్మ ఉందిగా" అంది భార్య. ఉంది మరి. అత్తగారికి వీధి మలుపులో సొంత టైలరింగ్ షాపు. బడిపిల్లల యూనిఫారాల దగ్గర్నుంచి పెద్ద కోట్ల దాకా కుడుతుంది. అద్దం ముందు నిలబెట్టినప్పుడు భుజం మీద ఒక్క ముడత కనిపించినా ఆ కోటు గడప దాటదు.

డాబా మీద కొత్త గుడ్డ పరిచి, పాత తెరచాపని దాని మీద వేసి, మూలలకు ఇటుకలు పెట్టింది ఆవిడ. సుద్దముక్కతో చుట్టూ గీయడం మొదలుపెట్టింది. కొయ్యకి కట్టే అంచు తిన్నగా లేదు, విల్లులా కాస్త బయటికి వంగి ఉంది. "పాతబడి సాగిపోయింది పాపం" అని జాలిపడి, బద్ద పెట్టి గీతని తిన్నగా లాగేసింది. అల్లుడు పక్కనే ఇటుక పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వంపు కావాలని పెట్టిందని అతనికి తెలుసు. నోరు తెరిచాడు కూడా.

"బ్రహ్మాండంగా ఉందత్తయ్యా," అన్నాడు.

ఇవాళ పొద్దున రేవు వదిలినప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. గాలి వెనకనుంచి వీచింది. వెనకగాలికి దుప్పటి కట్టినా పడవ నడుస్తుంది. అత్తగారు కాళ్ళు చాపుకుని, తెరచాప వైపు చూస్తూ, "ఒక్క ముడత లేదు చూశారా" అని మురిసిపోయింది. కొండకొమ్ము దాటారు. వెనక్కి తిరిగారు. అప్పుడు మొదలైంది.

ఎదురుగాలికి పడవ తిన్నగా పోలేదు. ఏటవాలుగా ఇటు కొంతదూరం, అటు కొంతదూరం, మెలికల దారిలో కొండెక్కినట్టు ఎక్కాలి. తెరచాపకి పొట్ట ఉంటే గాలి ఆ ఒంపు మీదుగా జారుతూ పడవని ముందుకు లాగుతుంది. ఈ తెరచాపకి పొట్ట లేదు. మూసిన తలుపులా బల్లపరుపుగా ఉంది. గాలి పడవని లాగడం మానేసి పక్కకి తోస్తోంది. ఎక్కినదంతా జారిపోతోంది. జారినప్పుడల్లా ఎర్ర పీపా.

వెనకనుంచి పళ్ళ డాక్టరమ్మ పడవ వచ్చింది. రేవులో ఆవిడ పడవ వీళ్ళ పడవ పక్కనే ఉంటుంది. నిండుగా ఉబ్బిన తెరచాపతో, తాపీగా, ఏదో పని మీద పోతున్నట్టు వీళ్ళని దాటింది.

"ఏం, ఇక్కడే ఆగిపోయారు?" అని కేకేసింది డాక్టరమ్మ.

"పీపా దగ్గర మాకు చుట్టాలున్నారు లెండి," అంది అత్తగారు.

ఆ పడవ దూరమయ్యేదాకా ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. తర్వాత పెదవి విరిచింది.

"ఆ తెరచాప ఎవడు కుట్టాడో కానీ, మరీ చేతకానివాడు. ఎంత వదులుగా ఉందో చూశారా? నా షాపులో అయితే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని."

"అవునత్తయ్యా," అన్నాడు అల్లుడు. మాట దానంతట అదే వచ్చేసింది. ఆ వదులు కోసమే తను ప్రాణం పెడతాడని మనసులో అనుకున్నాడు.

పడవని మళ్ళీ తిప్పాడు. నాలుగోసారి పీపా మరీ దగ్గరగా వచ్చింది. దాని గొలుసుకి పట్టిన నాచు కూడా కనిపించింది. ఆ వెనక, నీళ్ళ లోతు తగ్గి, రాళ్ళు గోధుమరంగులో తేలాయి. గట్టు వైపు ఇంకొంచెం సాగితే బాగుండేది కానీ ధైర్యం చాలక ముందే తిప్పేశాడు. తెరచాప టపటపా కొట్టుకుని అవతలి వైపు వాలింది.

అత్తగారు ఇప్పుడు నవ్వడం లేదు. అంచుకి జరిగి కూర్చుంది.

"ఆ రాళ్ళ సంగతేంటి?"

"ఏం ఫర్వాలేదు..."

ఆవిడ అతని వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. షాపులో కొలతలు తీసుకునేటప్పుడు మనిషిని చూసే చూపు.

"నాకు పడవల గురించి తెలీదు అల్లుడుగారూ. కానీ డాక్టరమ్మ వెళ్ళింది, మనం వెళ్ళలేదు. గాలి ఇద్దరికీ ఒకటే. అంటే మీకు తోలడం సరిగా రాదనుకోవాలి. తప్పేం లేదు, అందరికీ అన్నీ రావు. ఇంజిన్ వేసెయ్యండి, ఇంటికి పోదాం. అమ్మాయితో నేను చెప్తాలెండి."

చక్కటి దారి. నింద తన మీద వేసుకుని, ఇంజిన్ తాడు ఒకసారి లాగితే అయిపోతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు. మూడు రోజుల ప్రయాణం మాత్రం పోతుంది. ఈ ఏడాదే కాదు, ఇక ఎప్పటికీ. పిడుగు సంచి విప్పేసి, ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పాలి?

అతని చెయ్యి ఇంజిన్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"అత్తయ్యా, తోలడం నాకు వచ్చు."

"మరి?"

నీళ్ళు నమిలాడు. చుట్టూ బోలెడన్ని ఉన్నాయి.

"తెరచాపలో ఉంది తేడా."

"నా కుట్టులోనా?"

"కుట్టులో కాదండీ. కత్తిరింపులో."

అన్నాక తెలిసింది, అది ఇంకా పెద్ద మాటని. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తిరింపు తప్పిందంటే టైలరు మొహం మీద కత్తెర విసిరినట్టే. అత్తగారు తెరచాపని కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసింది. గాలి మాత్రం వీస్తూనే ఉంది.

"చెప్పండి," అంది చివరికి.

చెప్పాడు. పొట్ట ఎందుకో, ఒంపు ఎందుకో, డాక్టరమ్మ తెరచాప ఎందుకలా ఉబ్బిందో, అన్నీ. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఆవిడ మధ్యలో అడ్డు తగల్లేదు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"డాబా మీదే. మీరు గీత తిన్నగా లాగినప్పుడు."

"నోట్లో ఇటుకేమైనా ఉందా?"

"చేతిలో ఉంది. మీరు ఇన్నేళ్ళుగా కుడుతున్నారు, మీకు నేనేం చెప్తానని..."

"నేను ఇన్నేళ్ళూ కుట్టింది మనుషులకి. పడవలకి కాదు." ఆవిడ గొంతు కాస్త హెచ్చింది, వెంటనే తగ్గింది. "దీనికీ ఒక ఒళ్ళుందని ఎవరూ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? మనిషికైతే ఛాతీ ఎక్కడో పొట్ట ఎక్కడో చూసి కత్తిరిస్తాను. మీరేమో దాన్ని చదును చేసి పడుకోబెట్టి నాకిచ్చారు."

ఆవిడ చేతిసంచి దగ్గరికి తీసుకుంది.

"పడవని ఎక్కడైనా ఆపగలరా? ఇలా ఊగకుండా."

కొండ మరుగున, ఇసక నేల మీద లంగరేశాడు. అక్కడ నీళ్ళు మెత్తగా ఉన్నాయి. తెరచాపని కిందికి దించాడు. అత్తగారు దాని అంచుని ఒళ్ళోకి లాక్కుని, చేతిసంచిలోంచి కోటు గుండీలు కుట్టే లావు సూదీ, మైనం రాసిన దారం తీసింది.

"గుడ్డకి ఒంపు రావాలంటే రెండు దారులు. అంచు గుండ్రంగా కత్తిరించాలి, లేదా అక్కడక్కడ మడిచి కుట్టి డార్టులు పెట్టాలి. మొదటిది నేను చెడగొట్టేశాను. రెండోది మిగిలింది. పొట్ట ఎక్కడ రావాలి?"

అతను చూపించాడు. ఆవిడ అంచు దగ్గర గుడ్డని రెండు వేళ్ళ వెడల్పున మడిచి, లోపలికి వెళ్ళేకొద్దీ సన్నం చేస్తూ కుట్టసాగింది. గుడ్డ దళసరి. సూది దిగనిచోట అల్లుడు పట్టకారుతో అవతలినుంచి లాగాడు. కొండ మీంచి పక్షులు అరుస్తున్నాయి. పడవ కింద నీళ్ళు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు.

"ఇది చాలా?"

"కొంచెం ఎక్కువైందత్తయ్యా."

ఆవిడ సూది ఆపి తలెత్తింది.

"ఇప్పుడు బాగా నోరొచ్చిందే."

"మీరే అడిగారు కదండీ."

"అడిగాను, అడిగాను." పళ్ళతో దారం కొరికి, విప్పి, తగ్గించి కుట్టింది. కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి. పైదాని దగ్గర ఇద్దరికీ మాట తేడా వచ్చింది. ఆవిడ వద్దంది, అతను ఉండాలన్నాడు. చివరికి ఉంచారు.

తెరచాప మళ్ళీ పైకెక్కింది. చూడ్డానికి బాలేదు. డార్టుల దగ్గర ముడతలు పడి, ఎవరో తొందరలో సర్దుకున్న చొక్కాలా ఉంది. అత్తగారు మొహం పక్కకి తిప్పుకుంది. అలాంటిది తన చేతిమీదుగా గడప దాటి ఎరుగదు.

గాలి తగిలింది. ముడతల మధ్య గుడ్డ నెమ్మదిగా ఉబ్బింది. పడవ పక్కకి ఒరిగి, ఒక క్షణం ఆలోచించి, ముందుకి కదిలింది. చుక్కాని కర్ర అల్లుడి చేతిలో బరువెక్కింది. ఆ బరువు కోసమే అతను పొద్దుటినుంచి ఎదురు చూస్తున్నాడు.

ఎర్ర పీపా ఎదురైంది. ఈసారి పడవకి బాగా దూరంగా, గాలి పోయే వైపున. మళ్ళీ తిప్పాక అది వెనకబడింది. ఇంకోసారి తిప్పాక బుడిపెంత అయింది. కొండకొమ్ము పక్కన ఒక మలుపులో రాళ్ళు దగ్గరపడ్డప్పుడు అల్లుడు అడక్కుండానే నోరు విప్పాడు. "అత్తయ్యా, ఇక్కడ కొంచెం ప్రమాదం. నేను తిప్పుతున్నాననగానే మీరు తల వంచి అవతలి పక్కకి జరగాలి. అనుకున్నట్టు తిరగకపోతే ఇంజిన్ వేసేస్తాను. ఫెయిలైతే అయ్యాం."

"సరే," అంది ఆవిడ. చెప్పినప్పుడు తల వంచి, చెప్పిన పక్కకి జరిగింది. పడవ తిరిగింది. కొండకొమ్ము వెనక్కి పోయింది.

రేవు చేరేసరికి ఎండ పసుపుపచ్చబడింది. జెట్టీ చివర భార్యా, పిడుగూ నిలబడి ఉన్నారు. పడవని తాడుతో కట్టకముందే పిడుగు అడిగేసింది.

"అమ్మమ్మా, నాన్న పాసా, ఫెయిలా?"

"ఇద్దరం ఒక్కో సబ్జెక్టులో తప్పాం," అంది అత్తగారు, కూతురి చెయ్యి పట్టుకుని జెట్టీ ఎక్కుతూ.

కూతురు మొహం చిన్నబోయింది. "అంటే వెళ్ళొద్దంటావా?"

"వెళ్ళండి. కాకపోతే వచ్చే వారం కాదు. ముందు నేను దీన్ని మొదట్నుంచీ మళ్ళీ కుట్టాలి."

"నీకు భయం వెయ్యదా అమ్మా?"

"సముద్రమంటేనా? వేస్తుంది. అది ఎలాగూ పోదు. ఈయనంటే వేసే భయం మాత్రం ఇవాళ కాస్త తగ్గింది."

పిడుగు ఇంటివైపు పరుగు తీసింది. అత్తగారు చుట్టిన తెరచాపని ఒక చివర ఎత్తి, రెండో చివర అల్లుణ్ణి పట్టుకోమని, ముందు నడిచింది. భార్య అతని పక్కనే నడుస్తూ గొంతు తగ్గించింది.

"ఇంతకీ మా అమ్మకి ఏం చెప్పావు?"

"తర్వాత చెప్తా," అని అతనూ గొంతు తగ్గించాడు.

"తర్వాతెందుకు? ఇప్పుడే చెప్పండి," అంది అత్తగారు ముందునుంచి, వెనక్కి తిరగకుండానే. "గట్టిగా."

జెట్టీ మీద వలలు మడుస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు. అల్లుడు ఒక్కసారి గాలి పీల్చుకున్నాడు.

"మీ అమ్మగారు తెరచాప తప్పుగా కత్తిరించారని చెప్పాను."

"నిజమే," అంది అత్తగారు, నడక ఆపకుండా. "ఆ చివర కొంచెం పైకెత్తండి, నేలకి రాసుకుంటోంది."