వేపరసంలో కలిపింది

మా ఆయన బదరీనారాయణకి ప్రొద్దుటూరులో గుడ్డలంగడి. అంగడి నుంచి రాంగానే ఇంటి మెట్టు మీద కూచోని, మా కుక్క చెవుల్లో నెత్తురు తాగే గోమార్లు పీకి రెండు గోర్ల మధ్య చిట్లించేది ఆయన అలవాటు. వాటిని కిరసనాయిలు గిన్నెలో వెయ్యండని నెత్తీ నోరూ కొట్టుకున్నా. ఇంటే గదా.

ఆ ఎండాకాలం ఆయనకు జరమొచ్చింది. నాలుగోనాటికి కాళ్లకూ చేతులకూ ఎర్రగా చుక్కలు లేసినాయి. మా అత్త శేషమ్మ చూసి, "అమ్మవారు పోసింది" అనేసింది. ఇంగంతే. గడపకు వేపమండలు కట్టినారు, తిరగమోత మానేసినారు. మందూ సూదీ మాటే ఎత్తగూడదు. అమ్మవారుండే ఇంట్లో నోరులేని జీవాన్ని ఎల్లగొట్టగూడదని కుక్కను తెచ్చి ఆయన మంచం కిందే పండబెట్టింది మా అత్త.

ఏడోనాడు ఆయన నన్నే గుర్తుపట్టలేదు. వేపాకు తెస్తానని చెప్పి డాక్టరు దగ్గరికి పరిగెత్తినా.

"పొక్కుల్లో నీళ్లు చేరినాయా?" అన్నాడు డాక్టరు, నేను చెప్పిందంతా ఇని.

"లేదు సామీ, ఉట్టి చుక్కలే."

"ఇంట్లో కుక్క ఉందా?"

గోమార్ల సంగతి చెప్పినా.

"ఇది అమ్మవారు కాదమ్మా. గోమారిని చిట్లించేటప్పుడు దాంట్లో ఉండే క్రిమి గోటి పక్క గాయంలోంచి నెత్తుట్లోకి ఎక్కింది. ఆలస్యమైతే మనిషి దక్కడు. పద, వచ్చి చూస్తా."

"మా అత్త మిమ్మల్ని గడప దాటనీదు సామీ."

డాక్టరు విసుక్కుంటానే సీసాలో క్యాప్సూళ్లు పోసిచ్చినాడు.

మా అత్త పూటపూటకీ కొడుక్కి వేపరసం తాపుతాండె. క్యాప్సూలు ఇప్పి నాలిక్కి తగిలించి చూసినా, చేదు విషం. మంచిదే అనుకున్నా. రసం నేనే నూరుతానని చెప్పి అందులో కలిపేసినా. మూడోనాటికి జరం దిగి, ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినాడు. రోటి దగ్గర కూచోని ఏడ్సినా.

అత్త వీధంతా తిరిగి తన వేపరసం గొప్ప చెప్పుకుంది. మనిషి దక్కినాడు, అదే సాలని నోరు మూసుకున్నా.

నెల తిరక్కముందే, ఒక సాయంత్రం చూస్తే మెట్టు మీద కూచోని మల్లా గోమారి చిట్లిస్తాండాడు.

"ఏందండీ ఇది?"

"అమ్మవారు ఒకసారి పోసినోల్లకి మల్లా రాదులేమే. ఇంగ నాకేం భయం?"

లోపలికి పోయి, పప్పు డబ్బా అడుగున దాచిన ఖాళీ సీసా తెచ్చి ఆయన ముందర పెట్టినా.

"మీరు తాగిన వేపరసంలో ఈ మందుండె. మీకు అమ్మవారు రానేలేదు. జరం తెచ్చింది ఆ గోటి కింద ఉండేది" అన్నా.

లోపల మా అత్త రుబ్బేది ఆపింది. ఆయన సీసా చూసినాడు. నెత్తురంటిన బొటనేలు చూసుకున్నాడు. ఆ చెయ్యి యాడ పెట్టుకోవల్లనో తెలీక, అట్లే గాల్లో పట్టుకోని కూచున్నాడు.