వంటింట్లోంచి స్తోత్రం

అనకుండా ఉండాల్సిందని కాదు, అసలు ఏం విని అన్నానని ఆమె బాధ. ఎవరో మాట్లాడుతున్నారు, మాట ఒకచోట ఆగింది, ఆ ఆగినచోటికి తన గొంతు దానంతటదే వెళ్ళి కూర్చుంది. “స్తోత్రం!” అంది, వంటింట్లోంచి హాల్లో చివరి కుర్చీదాకా వినపడేలా. ఇప్పుడు అందరూ వెళ్ళిపోయారు. సింకు నిండా టీ గ్లాసులున్నాయి. ఒక్కోటీ తోముతుంటే ఆ మాట మళ్ళీ మళ్ళీ చెవిన పడుతోంది, తన గొంతులో కాదు, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పే చిలక గొంతులో.

ఆమె భర్త చర్చిలో సంఘపెద్ద. శనివారం సాయంత్రం గృహకూడిక ఎప్పుడూ వాళ్ళింట్లోనే. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద, ఆమె పొయ్యి దగ్గర. చివరి ఆమెన్‌కీ మొదటి టీ గ్లాసుకీ మధ్య ఖాళీ ఉండకూడదన్నది అత్తగారు పెట్టిన కట్టడి. అందుకని ఆమె కూడికలో ఉందనడానికి రుజువు ఆమె గొంతొక్కటే. “మా కోడలు చెయ్యి గరిటె మీదున్నా మనసు మాత్రం ప్రభువు సన్నిధిలోనేనమ్మా” అని అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది. మొదట్లో ఆమె నిజంగానే చెవులు రిక్కించి వినేది. పోనుపోను వినక్కర్లేదని తెలిసింది. మాట్లాడేవాళ్ళ గొంతు పైకి లేచి ఠక్కున ఆగితే స్తోత్రం. కిందికి దిగి సాగితే ఆమెన్. పాలు పొంగకుండా చూసుకుంటూ, మర్నాడు ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు గుర్తు చేసుకుంటూ, అల్మరాలో బిస్కెట్లు మెత్తబడ్డాయేమోనని నోట్లో వేసుకు చూస్తూ, ఎక్కడ అనాలో అక్కడ అనేసేది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గురి తప్పలేదు.

ఇవాళ తప్పింది. ఆ సంగతి చెప్పింది, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగిన దర్జీ ఆవిడ.

“అదేంటక్కా, మొగుడు కొట్టాడని ఆ పిల్ల చెప్పుకుంటుంటే స్తోత్రం అన్నావు! నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు.”

“ఎవరు? ఎవరు కొట్టారు?”

“నిజంగా వినలేదా నువ్వు? మన కీబోర్డు అబ్బాయి. వాళ్ళావిడ, ఆ కొత్తకోడలు, లేచి చెప్పింది కదా. కొట్టిన దగ్గర్నుంచీ ఎడం చెవి వినపడట్లేదు, నా కోసం ప్రార్థన చెయ్యండి అని.”

“నేను... పొయ్యి దగ్గర...”

“సర్లే, పెద్దగారు సర్దేశారుగా. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడమమ్మా, ఇంటి విషయాలు ఇంట్లోనే అన్నారు. ఆ అబ్బాయి వెంటనే పాట ఎత్తుకున్నాడు. భలే వాయిస్తాడులే, చచ్చినోడు.”

అప్పుడు గుర్తొచ్చింది. టీ అందిస్తూ “చక్కెర చాలా?” అని అడిగితే ఆ పిల్ల మెడ తిప్పి, కుడి చెవి ఇటు పెట్టి, “ఏంటక్కా?” అంది. రెండుసార్లు అంది. ఈమెకి విసుగొచ్చింది కూడా. ఇంకా ట్రే నిండా గ్లాసులున్నాయి మరి.

భర్త హాల్లో కుర్చీలో జారగిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పింది. “ఆ పిల్ల చెప్పింది నేను వినలేదండీ. వినకుండానే స్తోత్రం అనేశాను.”

“పోన్లే. నువ్వక్కడ లేవని అందరికీ తెలుసుగా” అన్నాడు, ఎంతో ఓదార్పుగా.

అందరికీ తెలుసు. అయితే ఇన్నేళ్ళూ అనిపించుకున్నది ఎందుకు? ఆ ప్రశ్న పైకి రాలేదు. పైకి రాని ప్రశ్నలకి ఆమె లోపల ఒక పెద్ద గదే ఉంది. అక్కడ అన్నీ మడతపెట్టి, అంచులు కలిపి, ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఇంటిపని బాగా వచ్చిన మనిషి మనసు కూడా అలాగే సర్దుకుంటుంది కాబోలు.

పెళ్ళికి ముందు ఇలా లేదు. వాళ్ళ నాన్న ఆమెని అగ్గిపుల్ల అని పిలిచేవాడు. ఆదివారం ఆరాధన అవగానే స్నేహితురాళ్ళతో ఆస్పత్రి వార్డులకి వెళ్ళేది. ముక్కూ మొహం తెలియని మనుషుల చేతులు పట్టుకుని ప్రార్థన చేసేది. కొందరు వద్దనేవాళ్ళు. వద్దంటే ఊరికే కూర్చుని వాళ్ళు చెప్పుకునేది వినేది. ఇంటికొస్తే ఒళ్ళు అలిసేది కానీ లోపల ఏదో రాజుకున్నట్టుండేది. పెళ్ళైన కొత్తలో ఒక కూడికలో అలాగే నోరారా ప్రార్థించింది. అది అయ్యాక మామగారు నవ్వుతూ, “కోడలుపిల్ల మన అయ్యగారికే వాక్యం చెప్పేలా ఉందే” అన్నారు. అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు కూడా నవ్వారు. ఆ రాత్రి భర్త మెల్లగా, “బాగానే ప్రార్థించావు. పెద్దవాళ్ళున్న చోట కాస్త క్లుప్తంగా చెయ్యి” అన్నాడు. తర్వాత అత్తగారు, “ముందు కూర చూసుకో అమ్మాయ్, అడుగంటిన వాసనొస్తోంది. ప్రార్థనకేం, మేమున్నాంగా” అంది. ఎవరూ మంటమీద బిందెడు నీళ్ళు గుమ్మరించలేదు. గుమ్మరిస్తే ఆమెకి తెలిసేది, తిరగబడేది కూడా. తడిచేత్తో తుడుచుకుంటూ పోయారు, అంతే.

కిందటి నెలలో బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు నులివెచ్చని విశ్వాసుల గురించి గంటసేపు కేకలు వేశాడు. భర్త తల తిప్పి ఆమె వంక చూశాడు. ఇంటికొచ్చాక, “నీలో మునుపటి మంట లేదు. ఉపవాసముండి చూడు” అని సలహా ఇచ్చాడు. ఆమెకి నవ్వొచ్చింది. పెళ్ళైనప్పట్నుంచీ వేడి టీ తాగిన గుర్తు లేదు. అందరూ తాగాక మిగిలింది తాగుతుంది. నులివెచ్చగా ఉండటానికైనా కాస్త వేడి కావాలి కదా. కానీ ఆ నవ్వు వెనక భయం కూడా ఉంది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజమే. లోపల మంట లేదు. దుఃఖం లేదు, కోపం లేదు, అవిశ్వాసం కూడా లేదు. దేవుడు ఉన్నాడు, పక్కింటివాళ్ళు ఉన్నట్టు.

సోమవారం డ్యూటీలో ఆమెకి అర్థమైంది. ఒక చెవి డాక్టరు దగ్గర ఆమె వినికిడి పరీక్షలు చేస్తుంది. బయటి చప్పుడు చొరబడని ఒక చిన్న గది. లోపల మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తుంది. అద్దం ఇవతల కూర్చుని శబ్దాలు పంపిస్తుంది. వినపడితే నొక్కాలి. ఆ రోజు ఒక పెద్దాయన వచ్చాడు. మొదట బాగానే నొక్కాడు. శబ్దం తగ్గిస్తూ పోయింది. ఇంకా నొక్కుతున్నాడు. అనుమానమొచ్చి ఏ శబ్దమూ పంపకుండా ఊరుకుంది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. అబద్ధమాడాలని కాదు, పాపం. ఈపాటికి వచ్చుంటుందిలే అని లెక్కగట్టి నొక్కేస్తారు. చెవి బాగుందనిపించుకోవాలని ఆరాటం. ఆమె తలుపు తీసి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

“పెదనాన్నగారూ, వినపడకపోతే వినపడలేదనే చెప్పండి. తప్పేం లేదు. లేకపోతే మీకు కావలసిన వైద్యం అందదు.”

చెప్పి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దాయన, “ఏమ్మా, ఇంకా ఉందా?” అని అడిగేదాకా.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు ఆమె ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇన్నేళ్ళుగా ఆ గది తలుపు తీసి వేస్తోంది గానీ లోపల కుర్చీలో కూర్చున్నది లేదు. ఫ్యాను చప్పుడు, రోడ్డు చప్పుడు, ఎవరో ఎవర్నో పిలిచే కేక, అన్నీ ఒక్కసారిగా పోయాయి. తన ఊపిరి తనకే వినపడింది. “ప్రభువా” అంది. ఆ మాట తర్వాత మామూలుగా వచ్చే మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి, కృతజ్ఞతలు, స్తుతులు, అన్నీ ఇస్త్రీ చేసినవే. వాటిని పోనిచ్చింది. తర్వాత, “నాకు వినపడటం లేదు. ఎప్పట్నుంచో వినపడటం లేదు. వినపడినట్టు నొక్కుతూ వచ్చాను” అంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం వచ్చింది. “నీ సన్నిధిలో లేచి నిలబడి చెప్పుకుంది ఆ పిల్ల. నీ పేరు పెట్టి పిలిచే నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. తెరుచుకున్నది నాది, అదీ అలా.” ఆ కోపం ఎవరిమీదో ఆమె ఇదమిత్థంగా చెప్పలేదు. కానీ దానిలో వేడి ఉంది. ఆ వేడిని ఆమె గుర్తుపట్టింది. వార్డుల్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతులు పట్టుకున్నప్పటిదే. ఇన్నేళ్ళూ ఉజ్జీవమంటే ఏదో మహాసభలో పైనుంచి దిగివచ్చే పరవశమనుకుని ఎదురుచూసింది. దిగివచ్చింది మాత్రం ఒక పని. ఎవరింటికి వెళ్ళాలో కూడా తెలిసిన పని.

డ్యూటీ దిగాక సరాసరి వెళ్ళింది. ఇరుకు మెట్లెక్కి తలుపు తడితే కొత్తకోడలే తీసింది. తీసి, వెనక్కి చూసి, “ఆయన లేరక్కా” అంది.

“నీ కోసమే వచ్చాను. రేపు మా డాక్టరు దగ్గరికి రా. చెవి చూద్దాం.”

“ఆయనకి తెలిస్తే...”

“వినికిడి పరీక్ష పాపం కాదుగా. పెద్దగారి భార్య రమ్మందని చెప్పు. ఆ పేరు దేనికైనా పనికిరావాలి కదా.”

ఆ పిల్ల నవ్వింది. ముందరి పళ్ళ మధ్య సందు, ఇంకా చిన్నపిల్ల మొహం.

మర్నాడు అదే గదిలో ఆ పిల్ల కూర్చుంది. కుడి చెవికి పంపిన శబ్దాలకి చకచకా నొక్కింది. ఎడమ చెవికి మార్చాక చెయ్యి కదల్లేదు. ఈమె శబ్దం పెంచింది, ఇంకా పెంచింది. అద్దం అవతల ఆ పిల్ల ఏ అబద్ధమూ ఆడకుండా, వేలు బటన్ మీద పెట్టుకుని, ఓపిగ్గా ఎదురుచూస్తూ ఉంది. డాక్టరు చూసి కర్ణభేరి చిరిగిందనీ, ఇంకోసారి దెబ్బ తగలకుండా ఉంటే చాలావరకు మానుతుందనీ చెప్పింది.

“ఇంకోసారి తగలకుండా ఉంటే” అని ఆ పిల్ల మెట్లమీద ఆగి మళ్ళీ అంది. “అది నా చేతిలో ఉందా అక్కా?”

“శనివారం మళ్ళీ చెప్తావా?”

“పోయినసారి చెప్తే ఏమైందో చూశారుగా.”

“పోయినసారి నేను వినలేదమ్మా. అందుకు నన్ను క్షమించు.”

“మీరు పక్కన కూర్చుంటే చెప్తా. కానీ తర్వాత ఇంటికెళ్ళాలిగా.”

“వెళ్ళాలనిపించకపోతే వెళ్ళొద్దు. మా అమ్మాయి హాస్టల్లో ఉంది, దాని గది ఖాళీ. అందులో ఉండు.”

ఎవరినీ అడగకుండా ఆ ఇంట్లో ఒక గది ఎవరికైనా ఇవ్వడం ఆమెకి అదే మొదటిసారి. ఆ మాట భర్తకి ఆ రాత్రే చెప్పింది. “నన్నొక మాట అడగాలిగా” అన్నాడు. “చెప్తున్నానుగా” అంది. ఆయన ఇంకేదో అనబోయి, ఆమె మొహంలోకి చూసి, ఆ చూపుకి అలవాటు లేక అటు తిరిగి పడుకున్నాడు.

శనివారం చాపలు పరిచారు, కుర్చీలు వేశారు, మూలన కీబోర్డు వచ్చింది. అత్తగారు వంటింట్లోకి తొంగిచూసి బయటికొచ్చింది.

“అమ్మాయ్, పొయ్యి వెలగలేదేం?”

“ఇవాళ నేను కూడికకొచ్చాను అత్తయ్యా.”

“మరి టీ?”

“పాలు అక్కడే ఉన్నాయి. ఎవరికి తాగాలనుంటే వాళ్ళు పెట్టుకుంటారు.”

దర్జీ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈమె వెళ్ళి చాపమీద, కొత్తకోడలికి కుడిపక్కన కూర్చుంది. ఒక పాటయింది, వాక్యమయింది. ఏళ్ళ తర్వాత ప్రతి మాటా విన్నది. కొన్ని బాగున్నాయి, కొన్ని ఊకదంపుడు. బాగున్నవాటికి ఆమెన్ అంది, తక్కినవాటికి ఊరుకుంది. పక్కనున్న ఎముకలు తేలిన చిన్న చెయ్యిని తన అరచేతిలోకి తీసుకుంది.

“సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి. సంఘానికి క్షేమాభివృద్ధి కలిగే సంగతులైతే మేలు” అన్నాడు భర్త, చాపల వైపు చూడకుండా.

కొత్తకోడలు లేచింది. “నేను పోయిన వారం చెప్పిన మాటే...” అని మొదలెట్టింది. అంతే, మూలనుంచి సంగీతం లేచింది. ప్రార్థనల కింద, సాక్ష్యాల కింద మెత్తగా వాయించడం ఆ అబ్బాయికి అలవాటే. కానీ ఇది మెత్తగా లేదు. కళ్ళు మూసుకుని, పరవశంతో ఊగుతున్నవాడిలా ఊగుతూ పెంచుకుంటూ పోయాడు. కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు చేతులెత్తి హల్లెలూయ అన్నారు. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి. ఒక్క మాటా వినపడటం లేదు. ఆ పిల్ల కిందికి చూసింది, ఈమె వంక.

ఈమె లేచింది. కుర్చీల మధ్యనుంచి, భర్త మోకాళ్ళ ముందునుంచి, ఎవరికీ దారివ్వమని చెప్పకుండా నడిచింది. కీబోర్డు వెనక గోడకి వరసగా స్విచ్చులున్నాయి. ఏది దేనిదో ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆమెకొక్కదానికే తెలుసు. ఆ అబ్బాయి కళ్ళు తెరిచాడు. “అక్కా, ఆరాధన...” అన్నాడు.

ఆమె స్విచ్చి ఆపేసింది.