అద్దం మీద ఉప్పు పొర

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. తూర్పు ఎర్రబడీ ఎర్రబడకముందే గాలి వేడెక్కింది. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లం, మబ్బు కనబడితే మాకు గుండె జారిపోతుంది. ఒక్క వాన పడిందంటే నెల రోజుల పంట కరిగి కాలవలో కలుస్తుంది. అయినా ఆ పొద్దున నేను ఒక్క మబ్బు కోసం నాలుగు దిక్కులూ చూశాను. కంటి డాక్టరమ్మ బండి ముందురోజు సాయంత్రమే వచ్చి మా దగ్గర ఆగి ఉంది. అందులోని మిషనుకి ఎండ పడదట.

మా అన్నకి మిగిలింది ఒక్క కన్ను. కుడిది పోయి రెండేళ్లయింది. నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుందట. నొప్పి ఉండదు. పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తుంది, ఎదురుగా మాత్రం బాగానే కనబడుతుంది. అందుకని మనిషికి అనుమానం రాదు. ఎడమ కంటికీ వచ్చిందని నాకెలా తెలిసిందంటే, ఒక సాయంత్రం గట్టు మీద నడుస్తూ నడుస్తూ అన్న పండిన మడిలో కాలు వేశాడు. నీటి రంగు చూసి ఉప్పు ఎన్నాళ్లకి కడుతుందో చెప్పగలవాడు మాలో అతనొక్కడే. నలభై ఏళ్లలో ఎన్నడూ పంట తొక్కలేదు.

"చెప్పు జారింది లేరా" అన్నాడు.

అతని కాళ్లకి చెప్పుల్లేవు.

డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టినప్పుడు కూడా అదే ధోరణి.

"పెద్దాయనా, పోయినసారి ఇచ్చిన చుక్కలు రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానమ్మా."

"వేసుకుంటున్నాడమ్మా" అంది మా వదిన. "ఎన్ని వేసుకున్నా సీసా నిండుగానే ఉంటోంది. మహిమ గల సీసా."

డాక్టరమ్మ నవ్వలేదు. అన్న చేతులు తిప్పి చూసింది. పగిలిన వేళ్లు, ఆ పగుళ్లలో తెల్లటి గీతలు.

"మంటమ్మా" అన్నాడు అన్న మెల్లగా. "ఎంత కడిగినా ఈ ఉప్పు పోదు. రెప్ప లాగి పట్టుకుంటే కంట్లో నిప్పు పోసినట్టుంటుంది. ఆ సీసా కూడా మధ్యాహ్నానికి టీ అంత వేడెక్కుతుంది."

"అందుకే ఈ మిషను మోసుకొచ్చాం" అందామె. "చుక్కలు కుదరని చోటికి లేజరు రావాలి. ఒకసారి కొడితే కంట్లో నీళ్లు బయటికి పోయే దారి కాస్త తెరుచుకుంటుంది. కొన్నేళ్లు పనిచెయ్యొచ్చు. పోయిన చూపు రాదు, ముందే చెబుతున్నా. ఉన్నది నిలబెట్టుకోవడానికే."

"ఉన్నది చాలమ్మా" అన్నాడు అన్న.

మిషను చూసుకునే మనిషి ఒకడున్నాడు, లావుపాటి మీసాలాయన. చల్లటి గదుల కోసం చేసిన ఆ మిషన్ని ఇలాంటి చోట్లకి తిప్పడానికి నానా తంటాలూ పడ్డాడు. అదరకుండా కింద మెత్తటి దిండ్లు, జనరేటరు వణుకు తగలకుండా బ్యాటరీలు, దుమ్ము పోకుండా చుట్టూ గొట్టాలూ జల్లెళ్లూ. అన్నీ చేశాడు గానీ ఎండని ఏం చేస్తాడు?

అన్న వంతు మొదట్లోనే రావాల్సింది. తూము మూసి వస్తానని వెళ్లి, అందరి వెనక చేరాడు. అతని ముందు నలుగురికి అయ్యేసరికి మిషను కుయ్‌మని ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది.

"ముప్పై అయిదు డిగ్రీలు దాటితే ఇది పనిచెయ్యదు" అన్నాడు మీసాలాయన. "బండిలో ఇప్పుడు నలభై ఒకటి."

సాయంత్రానికి వాళ్లు ఇంకో చోటికి బయలుదేరాలి. మళ్లీ వచ్చే వేసవికే లేజరు. నేను డాక్టరమ్మని పక్కకి పిలిచి, ఏడాది ఆగొచ్చా అని అడిగాను.

"మనం ఆగొచ్చు. ఆ నరం ఆగదు" అంది.

మా పనిముట్ల గది గోడలు మూరెడు మందం. మిషన్ని అక్కడికి మార్చమన్నాను. గాలి వచ్చే వైపు కిటికీకీ తలుపుకీ తడి గోనెలు కడితే గది చల్లబడుతుంది. మీసాలాయన సరేనన్నాడు. మిషను మోయడం అతని పని, గోనెలు తడపడం నా పని. కాలవలో ముంచి తీసి కట్టాను. పొడి గాలి ఈలవేస్తూ వాటిలోంచి దూరింది. గంటలో గది ముప్పై ఆరుకి దిగింది, ఇంకొక్క డిగ్రీ దిగితే చాలు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

మీసాలాయన దీపం వేసి, లోపలికి కన్ను పెట్టి, వెంటనే వెనక్కి లేచాడు.

"ఈ అద్దం మీద ఏమిటిది?"

వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"గోనెలు ఎందులో తడిపారు?"

అప్పుడు తెలిసింది. మాకు పార కాలినా, బండి చక్రం ఎండి బిగిసినా, దారిలో దుమ్ము లేచినా కాలవ నీళ్లే. ఉప్పు దిగిన చిక్కటి నీళ్లు. మంచినీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. ఆ నీళ్లు గొంతుకీ, వంటకీ తప్ప ఇంక దేనికీ ముట్టం. నా చెయ్యి దానంతట అదే కాలవలోకి పోయింది. గోనెలు ఆరుతున్న కొద్దీ ఉప్పు పొడి లేచి గదంతా, మిషనంతా పరుచుకుంది.

"లక్షణంగా పంట పండించారు, నా మిషను మీద" అన్నాడు మీసాలాయన. కోపం కంటే నీరసమే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అన్న ఏదన్నా అంటే బాగుండేది.

"తుడిస్తే పోతుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"పోతుంది. కానీ గది మళ్లీ వేడెక్కుతుంది. మంచినీళ్లు కావాలి, బిందెడు కాదు, డ్రమ్ముడు. ట్యాంకరు ఎప్పుడు?"

"రేపు పొద్దున" అన్నాను.

అన్న లేచాడు. "వదిలెయ్యండమ్మా. పిల్లలు తాగే నీళ్లు నా కంటి కోసం గోనెలకి పోస్తారా? ఒప్పుకోను."

బయట గోడ నీడలో మా అందరికీ పెద్దదైన ముసలమ్మ కూర్చుని ఉంది. బోసినోటి పెద్దమ్మ అంటాం. వినబడనట్టు కూర్చుంటుంది గానీ అన్నీ వింటుంది.

"నిన్నెవడు అడిగాడురా ఒప్పుకోమని?" అంది. "గోనెలకి దాహమేసింది, పోస్తున్నాం. నీకేం నొప్పి?"

లేచి తన గుడిసెలోకి వెళ్లి, నడుముకి బిందె ఎత్తుకుని వచ్చింది. సగం బిందె. ఆమె వెనకే మా వదిన. తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. బిందెలు, డబ్బాలు, వంటకి పక్కన పెట్టుకున్న గిన్నెలు కూడా వచ్చాయి. ఒకామె నాలుగు సీసాలు తెచ్చి, మూడు పోసి, నాలుగోది చంకలో బిడ్డను చూపించి వెనక్కి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆమెకి చేతులు జోడించింది.

ఉప్పు తగలని కొత్త గోనెలు విప్పాం. మీసాలాయన మెత్తటి గుడ్డతో అద్దాలన్నీ ఒక్కొక్కటే తుడిచాడు. ఈసారి గోనెల మీద నన్ను నీళ్లు పొయ్యనివ్వలేదెవరూ. మా వదిన చెంబుతో పైనుంచి సన్నగా పోసింది, చుక్క జారితే కింద పళ్లెంలో పట్టి మళ్లీ పోసింది.

అన్న గుమ్మంలో నిలబడి చెంప గాలికి పెట్టాడు.

"ఆ కిటికీ కాదు, ఈ కిటికీకి కట్టండి. ఇంకాసేపట్లో గాలి ఇటు తిరుగుతుంది" అన్నాడు.

తిరిగింది. ముప్పై నాలుగు. ముప్పై మూడు. ఎర్రదీపం ఆరింది.

అన్న గడ్డం ఆనించి కూర్చున్నాడు. కంట్లో తిమ్మిరి చుక్క వేసి, చిన్న గాజు బుడిపె ఆనించింది డాక్టరమ్మ. నేను వెనక నిలబడి అతని తల పట్టుకున్నాను. టిక్, టిక్ అని చప్పుడు. వంద దాకా వినిపించాయి. అన్నం ఉడికేపాటి సేపు కూడా పట్టలేదు. నా అరచేతుల కింద చిన్నప్పుడు నా తల నిమిరిన అన్న తల చెమటకి తడిసి ఉంది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే. గంట కూర్చోండి. ఒత్తిడి చూసి పంపిస్తాను."

గంట తర్వాత చూసింది. పెరగలేదు, ఇవాళ్టికి అదే మంచి కబురు అంది. ఎంత తగ్గిందో ఆరు వారాలకి తెలుస్తుందట. ఆరు వారాలకి ఆమె ఒక్కతే, చేతిలో పట్టే చిన్న పరికరంతో బస్సెక్కి వచ్చింది. ఇరవై ఎనిమిది ఉన్న ఒత్తిడి పదిహేడయింది. అది తర్వాతి సంగతి.

ఆ రోజు పొద్దు వాలేవేళ వాళ్లు సామాను సర్దుకుంటుంటే నేను మీసాలాయన దగ్గరికి వెళ్లాను. ఏదో చెప్పాలని వెళ్లాను.

"మిషను పాడయిందా?" అన్నాను.

"లేదు. ఇకనుంచి ఎక్కడికెళ్లినా ముందు నీళ్లు రుచి చూస్తాను" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"తినకుండా కదలనివ్వం" అని మా వదిన గదమాయించింది. నీళ్లు లేక ఆ పూట రెండే పొయ్యిలు వెలిగాయి. అన్నం అందరిదీ ఒకే గుండిగలో వండారు. పనిముట్ల గది ముందు నేల మీద రెండు వరసలుగా కూర్చున్నాం. మనిషికి అర గ్లాసు నీళ్లు. డాక్టరమ్మ నా ఎదురుగా, మీసాలాయన పెద్దమ్మ పక్కన, అన్న నా పక్కన. అందరి చేతులూ కంచాల్లోకి వెళ్లాయి. పెద్దమ్మ తన గ్లాసు డాక్టరమ్మ వైపు జరిపింది. ఆమె ఒక్క గుక్క తాగి, మళ్లీ పెద్దమ్మ వైపు జరిపింది. మేం తింటూనే ఉన్నాం.