బువ్వ తినని టేకు ఏనుగు

ఆ బొమ్మ ఏనుగుకు గర్వం తలకెక్కింది. మరి అల్లపల్లి అడవి టేకుతో చేసిన ఒళ్ళు, పైన ఎర్ర అంబారీ! కమలాపూర్ శిబిరంలోని ఏనుగులను చూడటానికి వెళ్ళిన నేహా అనే పిల్ల ముచ్చటపడి కొనిపించుకుంది. తిరిగి సిరోంచ వెళ్తూ బస్సు కిటికీలో పెట్టి ఆడించింది. రేగుంట దగ్గర గుంతలో బస్సు ఎగిరిపడగానే ఏనుగు కాస్తా రోడ్డు మీద పడింది.

రైతు బాబురావు కూతురు, ఏడేళ్ళ శీతల్‌కు దొరికింది. ఆ పిల్ల రోజూ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి దాని ముందు పెట్టేది.

"తిను. సిగ్గు వడకు."

ఏనుగుకు ఒళ్ళు మండేది. నాకు కడుపు లేదు, ఈ పిల్లకు బుర్ర లేదు అనుకునేది. బస్సు హారన్ వినబడితే చాలు, నేహా వచ్చిందని చెవులు రిక్కించేది. చెక్క చెవులు ఎలా రిక్కిస్తుందని నన్నడక్కండి. ఆశ అలాంటిది.

వరి పొట్టకొచ్చే వేళకు అడవి ఏనుగులు ఊళ్ళ మీదికి వచ్చాయి. బాబురావు పొలంలో మంచె కట్టి కావలికి పోసాగాడు. శీతల్ నాయనమ్మ వెంకటవ్వ ఏనుగు అనే మాటే నోట రానిచ్చేది కాదు, పేరెత్తితే వస్తాయని భయం. ఆమె కన్ను బొమ్మ మీద పడింది.

"గా బొమ్మ ఇంట్ల ఉంటే, మా పిల్లేదని పెద్దోళ్ళు ఎతుక్కుంట వస్తరు. పారెయ్యే దాన్ని!"

"నేనియ్య బాపమ్మా!" అని శీతల్ దాన్ని వడ్ల గుమ్మిలో దాచింది. రెండు రోజులకు, పక్క ఊళ్ళో ఏనుగులు ఒక మంచెను విరగ్గొట్టాయని కబురొచ్చింది. ఆ సాయంత్రం శీతల్ ఏడుస్తూ బొమ్మను తానే పొలం గట్టు మీదికి తెచ్చింది. ముందు ఒక ముద్ద పెట్టింది.

"మీ అమ్మ వస్తే ఆమెతోని పో. మంచె మీద మా బాపు ఉన్నడు. ఆయన్ని ఏం చెయ్యద్దని జర మంచిగ చెప్పు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక మంచె మీద బాబురావు దగ్గాడు. ఈయనకేమన్నా అయితే శీతల్ అన్నం తింటుందా? ఏనుగుకు భయమేసింది. తన కోసం కాదు, అదే కొత్తగా ఉంది. రావద్దు, రావద్దు అని గట్టిగా అనుకుంది. అంతకుమించి దానికి చేతనైందేమీ లేదు.

అవి వచ్చాయి.

తెల్లారేసరికి సగం పొలం నేలమట్టం. మంచె కూలింది. ముందే దూకి పరుగెత్తిన బాబురావు కాలు బెణికించుకుని బతికి బయటపడ్డాడు. బురదలో దొరికిన బొమ్మకు అంబారీ లేదు, తొండం సగమే ఉంది.

"సూసినవా, మన బతుకు ఆగం జేసింది!" అంది వెంకటవ్వ.

"లేదు బాపమ్మా, అది చెప్పింది! అందుకే బాపు మంచిగున్నడు."

తాను చెప్పలేకపోయానని ఏనుగుకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయింది. వెంకటవ్వ బొమ్మను తీసుకుని కొంగుతో బురద తుడిచింది. ఆ పూట ముద్ద ఆమే పెట్టింది.

"నొప్పయితాందా?" అని శీతల్ విరిగిన తొండాన్ని నిమిరింది.

అప్పుడే రోడ్డు మీద సిరోంచ బస్సు హారన్ కొట్టింది. ఆగకుండా పో, ఆగకుండా పో అని ఏనుగు ఆ సగం తొండంతోనే దండం పెట్టుకుంది.